చివరి పేజీ మీద అభిప్రాయాలు

సెప్టెంబర్ 2, మంగళవారం

ఈ డైరీ పాస్టరు గారు ఇచ్చారు. "పాత సంగతులు గుర్తొచ్చినప్పుడల్లా ఇందులో రాసి పెట్టండమ్మా, ముందుమాటకి పనికొస్తాయి" అన్నారు. ముందుమాటకి విడి కాగితాలు చాలు, ఇది నేనే ఉంచుకుంటాను. చర్చి ప్రెస్సులో కంపోజిటర్‌గా ముప్పై రెండేళ్ళు నిలబడి ఊరందరి రాతలూ అచ్చులో కూర్చాను. సొంతంగా ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. ఇప్పుడైనా రాసుకోవచ్చు.

సంగతేమిటంటే, బావ నవల మళ్ళీ అచ్చవుతోంది. "గంట కొట్టిందెవరు?" ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత! చూసుకోవడానికి బావ లేడు, పోయి ఏడాది దాటింది. ఈ నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిష్కరణ. పుస్తకం చివర పాతకాలం పాఠకుల అభిప్రాయాలు వేయాలని పాస్టరు గారి ఆలోచన. అప్పట్లో ఆ ఉత్తరాలన్నీ ప్రెస్సు చిరునామాకే వచ్చేవి. ప్రెస్సు మూసేసిన రోజు అందరూ తలో కుర్చీ, తలో బల్ల తీసుకుపోతే నేను ఆ ఫైలు తెచ్చుకున్నాను. అందులోంచి మంచివి ఏరి ఇవ్వడం నా పని.

అక్కకి చెప్తే బీన్స్ తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది. "ఆయన ఫొటో ఎక్కడ వేస్తారు?" అని అడిగింది. వెనక అట్ట మీద అన్నాను. "వెనకెందుకే? పుస్తకం బల్ల మీద పెట్టినప్పుడల్లా ఆయన బోర్లా పడుకోవాలా?" అంది. పాస్టరు గారికి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. ఫొటో ఇప్పుడు లోపలి పేజీలోకి మారింది.

సెప్టెంబర్ 3

మధ్యాహ్నమంతా ఉత్తరాలు చదివాను. అక్క వింటూ కూర్చుంది. నవ్వలేక చచ్చాం.

ఒకాయన రాశాడు: "అయ్యా, తమరి పుస్తకంలో సువార్త తక్కువ, శవాలు ఎక్కువ." పుస్తకం మొత్తానికి శవం ఒక్కటే. ఈ ఉత్తరం వచ్చిన రోజు బావ ప్రెస్సులో బల్ల మీద కూర్చుని, "ఆయనకి ఒకటి రెండుగా కనిపిస్తోంది మరదలా, కళ్ళజోడు మార్చుకోమని జవాబు రాయనా?" అన్నాడు.

ఇంకొకావిడ: "మీ నవల చదువుతూ పొయ్యి మీద గిన్నె మాడ్చాను. మా అత్తగారు పుస్తకాన్ని తిట్టిపోసి, ఇందులో ఏముందో చూస్తానని తీసుకుని, రెండో గిన్నె మాడ్చారు."

రిటైరైన పోలీసాయన ఒకడు పదకొండో అధ్యాయంలోనే హంతకుణ్ణి పట్టేశానని గొప్పగా రాశాడు. పట్టింది వేరేవాణ్ణి. మరొకతని ప్రతిలో నూట పన్నెండో పేజీ రెండుసార్లు ఉందట, నూట పదమూడు లేదట. "గంట ఎవరు కొట్టారో దయచేసి ఒక కార్డు ముక్క మీద తెలియజేయగలరు." బావ నిజంగానే కార్డు రాశాడు.

"నవల్లో పాస్టరు అస్తమానం ఏదో ఒకటి తింటూనే ఉంటాడేం?" అని రాసినవాళ్ళు ముగ్గురున్నారు. సాయంత్రం ఉత్తరాలు చూడ్డానికి వచ్చిన ఇప్పటి పాస్టరు గారు అది చదివి, ముందున్న బిస్కెట్ల పళ్ళెం మెల్లగా నా వైపు జరిపారు.

సెప్టెంబర్ 5

ఇవాళ ఏమీ రాయబుద్ధి కావడం లేదు. ప్రెస్సు వాసన ముక్కులోంచి పోవడం లేదు. ఇంకు, కిరసనాయిలు, తడిసిన కాగితం.

సెప్టెంబర్ 8

ఆ రోజులు ఎంత బాగుండేవో. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి సీసం అక్షరాల గళ్ళున్న కేసు ముందు నిలబడేదాన్ని. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడిచెయ్యి గళ్ళ మధ్య తిరుగుతూ ఉండేది. ఏ అక్షరం ఏ గడిలో ఉందో కళ్ళతో చూసే పని లేదు, వేళ్ళకే తెలుసు. వెనక ట్రెడిల్ మిషన్ టకాటకా ఆడుతుంటే దాని తాళానికి నా చెయ్యి నడిచేది. మిషన్ ఆగిన రోజు నా పనీ మందగించేది.

బావ స్కూల్లో లెక్కల మాస్టారు. నాలుగున్నరకి స్కూలు వదలగానే ప్రెస్సుకి వచ్చేవాడు, జేబులో ఒక అధ్యాయం మడిచి పెట్టుకుని. ఒక్కటంటే ఒక్కటే. మొత్తం ఒకేసారి ఇస్తే నేను చివర చదివేస్తానని ఆయన భయం. "నవల చదివేవాళ్ళకి ముందు కంపోజిటర్‌ని భయపెట్టాలి" అనేవాడు. రోజూ నేను ఒకరి మీద అనుమానం చెప్పడం, ఆయన మీసాల్లో నవ్వుకోవడం.

కథ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. చర్చిలో గంట కొట్టే ముసలాయన శనివారం మెట్ల కింద చచ్చిపడి ఉంటాడు. గంట గదికి తాళం వేసి తాళంచెవి పాస్టరు జేబులో పెట్టుకుంటాడు. ఆదివారం పొద్దున సరిగ్గా వేళకి గంట మోగుతుంది! ఆ అధ్యాయం కూర్చిన సాయంత్రం ఇంటికి ఒంటరిగా వెళ్ళలేక మిషన్ నడిపే మావయ్యని తోడు తీసుకెళ్ళాను. చివరికి చంపింది పాటల మాస్టారు. మాటామాటా పెరిగి తోసేశాడు, చంపాలని కాదు. గంట లేని ఆదివారం భరించలేక కొట్టిందీ అతనే. జైలుకి వెళ్ళి, శిక్ష పూర్తిచేసుకుని, వానలో తడుస్తూ ఇంటికొచ్చి తలుపు తడతాడు. లోపల భార్య ఉంటుంది. అదే చివరి పేజీ.

ఆ నవలని అక్షరం అక్షరంగా చదివిన మొదటి మనిషిని నేను. సీసం మీద, తలకిందులుగా.

సెప్టెంబర్ 10

చివరి పేజీ గురించి వచ్చిన ఉత్తరాలు వేరే కట్ట. నలభై ఒకటి. ఇవాళ అక్కకి చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది.

"ఆమె గడియ తీసి, 'తడిసిపోయావు, లోపలికి రా' అన్నచోట పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను." "మా తమ్ముడితో ఆరేళ్ళుగా మాటల్లేవు. ఈ పేజీ చదివాక నేనే వెళ్ళాను." "హత్య కథ అనుకుని కొన్నాను, క్షమాపణ కథ అని చివరి రెండు వాక్యాల్లో తెలిసింది."

అక్క కళ్ళు తుడుచుకుంది. "పాస్టరు గారితో మాట్లాడాను. ఆవిష్కరణ రోజు నేనూ రెండు నిమిషాలు మాట్లాడతాను" అంది.

"నువ్వా? మైకు చూస్తే వణుకుతావు కదే!"

"వణికితే వణుకుతాను. ఆ పేజీ ఆయన నాకు రాసిన ఉత్తరం. అందరికీ తెలియాలి."

నేను ఫైలు ట్యాగు ముడి వేస్తూ ఉండిపోయాను.

సెప్టెంబర్ 11

అక్క ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. ఆ కథ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అప్పటికి వాళ్ళ పెళ్ళయి నాలుగేళ్ళు. అక్కకి జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. బావ పక్కగదిలో నవల రాస్తున్నాడు. నాలుగు రోజుల్లో ఒక్కసారి గుమ్మం దగ్గరికి వచ్చాడట. మందు వేసుకున్నావా అని కాదు, "హంతకుడికి మీసం పెట్టాలా వద్దా?" అని అడగడానికి. అయిదో రోజు అక్క లేచింది. ఆయన స్కూలుకి వెళ్ళాక రాసిన ఎనిమిది అధ్యాయాలూ నీళ్ళ పొయ్యిలో పెట్టి, ఆ నీళ్ళతో స్నానం చేసింది. సాయంత్రం ఆయన రాగానే తనే చెప్పింది. బావ అరవలేదు, చెయ్యెత్తలేదు. "నువ్వు ఈ ఇంట్లో ఉంటే నేను రాయలేను. వెళ్ళు" అన్నాడట.

అక్క పుట్టింటికి వచ్చేసింది. అప్పుడు నేనూ అమ్మానాన్నల దగ్గరే ఉండేదాన్ని. నాలుగు నెలలు రాత్రీ పగలూ ఒకే గదిలో అక్క పక్కన నేను. కాలిన అధ్యాయాలన్నీ బావ గుర్తు చేసుకుని మళ్ళీ రాశాడు. రోజూ ప్రెస్సుకి వచ్చేవాడు, నాతో మామూలుగానే ఉండేవాడు. అక్క పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. నేను ఎత్తితే, "ఈ గేలీ ప్రూఫు ఎప్పుడు తీస్తున్నావు?" అనేవాడు.

పుస్తకం అచ్చయిన రోజు మొదటి ప్రతి నేను ఇంటికి తెచ్చాను. అక్క ఒక్క ఊపున చదివింది. చివరి పేజీ చదివి, సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

అనుకున్నంతా అయింది. ఆవిష్కరణ రోజు బావ చేతిరాత ప్రతి గాజు పెట్టెలో పెడతారట. అప్పట్లో అచ్చు అయ్యాక రాతప్రతిని పురికొసతో కట్టి రచయితకి తిరిగి ఇవ్వడం మా ప్రెస్సు పద్ధతి. ఆ కట్ట అక్క బీరువాలో భద్రంగా ఉంది. ఇవాళ విప్పింది. ఒక్కో కాగితం దులిపి, తిరగేసి, చివరికి వచ్చి ఆగింది.

"చివరి కాగితం లేదేంటే?"

"కనిపించలేదు" అన్నాను.

"అదేంటి, కనిపించకపోతే ఎలా కూర్చావు?"

"కూర్చాకే పోయింది."

"అన్నీ ఉండి అదొక్కటే పోవాలా! ముఖ్యమైంది అదేనే." మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టుకుంది.

సెప్టెంబర్ 15

కూర్చాకే పోయింది. ప్రెస్సన్నాక కాగితాలు పోవా?

సెప్టెంబర్ 17

సరే, ఇది నా డైరీ. ఇందులోనూ అబద్ధమాడితే ఇక రాయడం ఎందుకు?

కూర్చే ముందే కనిపించలేదు. ఒకేసారి అచ్చు వేసే చివరి ఫారంలో ఎనిమిది పేజీలు. ఏడు కూర్చి కట్టి పెట్టాను. ఎనిమిదోది కావాలి. బావ మాస్టర్ల శిక్షణకి పొరుగూరు వెళ్ళాడు, అక్కడ ఫోను లేదు. ఆదివారానికి పుస్తకం కావాలని అప్పటి పెద్ద పాస్టరు గారు మనిషిని పంపించారు. మిషన్ మావయ్య చేతులు తుడుచుకుంటూ నా నెత్తిన నిలబడ్డాడు, "అమ్మాయ్, ఫారం బిగించాలి, ఏమైంది?" అని. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. ఏదో ఒకటి కూర్చకపోతే పుస్తకం ఆగిపోయేది. కథ అంతా నాకు తెలుసు. రెండు వాక్యాలు స్టిక్కులో వేశాను. ప్రూఫు బావ చూడాలి, లేడు కాబట్టి "సరిచూశాను" అని నేనే సంతకం పెట్టాను.

చేత్తో రాసినదైతే రాత పట్టిస్తుంది. అచ్చులో కూర్చినదానికి చేతిరాత ఉండదు. పుస్తకం అయ్యాక ఆ టైపు విడగొట్టి, ఏ అక్షరాన్ని ఆ గడిలో పడేశాను. మర్నాడు అవే అక్షరాలతో పెళ్ళి శుభలేఖ కూర్చాను.

కాగితం కనిపించలేదు, అందుకే. ఇంకెవరైనా అదే చేస్తారు.

సెప్టెంబర్ 19

కుట్టుమిషన్ ఆవిడ వచ్చింది, ఆవిష్కరణ రోజుకి అక్క జాకెట్టు ఇవ్వడానికి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. బావ నవల అప్పట్లో పన్నెండుసార్లు చదివిందట. "నా అభిప్రాయం కూడా వెయ్యండి. ఆ పాటల మాస్టారు భార్య నేనైతే తలుపు తీసేదాన్ని కాదు. తీసినా ముందు రెండు తిట్టి తీసేదాన్ని" అంది. అక్క పడీపడీ నవ్వింది.

తర్వాత ఆవిడే అడిగింది. "మాస్టారు ఇంకో నవల ఎందుకు రాయలేదండీ? ఎంత ఎదురుచూశామో!"

అక్క జాకెట్టు గుండీలు పెడుతూ తీస్తూ, "నా వల్లే" అంది. "మొదటిది నేను కాల్చాను. దాన్నెలాగో మళ్ళీ రాశాడు. నన్ను క్షమించాడు గానీ, రాయడం మీద మనసు విరిగిపోయింది. ఆ సంగతే ఆవిష్కరణ రోజు చెప్దామనుకుంటున్నా."

కుట్టుమిషన్ ఆవిడ మొదటిసారి ఏమీ మాట్లాడకుండా టీ తాగింది. నా పరిస్థితి దొంగకి తేలు కుట్టినట్టుంది.

సెప్టెంబర్ 20

అక్క వల్ల కాదు.

సెప్టెంబర్ 22

రాస్తాను. రాసేస్తే తేలికవుతుందేమో.

కాగితం పోలేదు.

శిక్షణకి వెళ్ళే రోజు బావ దాన్ని కవర్లో పెట్టి అంటించి ఇచ్చాడు. "చివరి ఫారం కూర్చే రోజు దాకా విప్పకు. విప్పావో, నిన్నే హంతకురాలిని చేసి తిరగరాస్తాను" అన్నాడు. ఎంత మురిసిపోయానో. ఆ వారమంతా కవరు నా కేసు మీదే ఉంది. రోజూ దాన్ని చూసుకుంటూ పనిచేశాను. చివరి ఫారం రోజు పొద్దున విప్పాను. ఆయన రాసింది ఇది, ఒక్క మాట కూడా మరిచిపోలేదు:

"అతను తలుపు తట్టాడు. లోపల అడుగుల చప్పుడయింది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. అతను వానలో నిలబడి ఎదురుచూశాడు. అడుగులు నెమ్మదిగా వెనక్కి వెళ్ళిపోయాయి."

అంతే. కథ అయిపోయింది.

చదివి కేసు పట్టుకుని నిలబడిపోయాను. ఎంత బాగా రాశాడు! నేను కూర్చిన వేల పేజీల్లో అంత మంచి ముగింపు లేదు. కానీ అది ఎవరి తలుపో నాకు తెలుసు. ఇంట్లో అక్క ఆ పుస్తకం కోసం రోజులు లెక్కపెడుతోంది. అందులో తనకేమైనా కబురు ఉంటుందేమోనని. ఉంది మరి, ఈ కబురు ఉంది. అది నా చేతులతో ఎలా కూర్చను?

మావయ్యకి కాగితం కనిపించలేదని చెప్పాను. "ఆగాయి" దాకా బావ మాటలే కూర్చి, చివరి రెండు వాక్యాలు నావి వేశాను. కాగితాన్ని ఇంకు తుడిచే గుడ్డల బుట్టలో పడేశాను. సాయంత్రానికి అది చెత్తతో పాటు పోయింది.

బావకి తెలియదా? తన పుస్తకం తను చదువుకోడా? ఆ తర్వాత ప్రతి నెలా ఉత్తరాలు చూడ్డానికి ప్రెస్సుకి వచ్చేవాడు. చివరి పేజీని మెచ్చుకున్న ప్రతి ఉత్తరం నా ఎదురుగానే చదివేవాడు. చదివి, ట్యాగు ముడి వేసి, "టీ బాగుంది మరదలా" అని వెళ్ళిపోయేవాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మళ్ళీ ఎప్పుడూ జేబులో అధ్యాయం మడిచి పెట్టుకుని రాలేదు.

అక్క వల్ల కాదు. నా వల్ల. కానీ అది చెప్పాలంటే ఇదీ చెప్పాలి: బావ ఆ పేజీలో నిన్ను క్షమించలేదు, తలుపు మూసేశాడు. ఒక చేత్తో బరువు దించి రెండో చేత్తో గుండె కోసినట్టు అవుతుంది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషికి ఇప్పుడు ఆ మాట ఎందుకు? చెప్పను.

సెప్టెంబర్ 24

పుస్తకాలు వచ్చాయి. కంప్యూటర్‌లో చేసిన అచ్చు నున్నగా, అందంగా ఉంది. వేలితో తడిమితే అక్షరం తగలదు. మా అచ్చు అయితే కాగితం వెనక కూడా తెలిసేది. అక్క బావ ఫొటో ఉన్న పేజీ తెరిచి టీవీ పక్కన నిలబెట్టింది.

చివరి పేజీలో నా రెండు వాక్యాలు అలాగే ఉన్నాయి.

సెప్టెంబర్ 25, గురువారం

చెప్పేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, "రెండు నిమిషాలు దాటకూడదన్నారు, నువ్వు గడియారం చూడు" అంది. చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టే.

"అందరికీ వందనాలు. నేను నా భర్త రాసిన కాగితాలు కాల్చినదాన్ని. ఆయన నన్ను పొమ్మన్నాడు. నాలుగు నెలలకి ఈ పుస్తకం వచ్చింది. దీని చివరి పేజీలో ఆయన నాకు తలుపు తీశాడు. ఆయన క్షమించాడు గానీ, నేను కాల్చింది ఎనిమిది అధ్యాయాలే కాదు, ఆ తర్వాత ఆయన రాయాల్సినవన్నీ కూడా కాల్చేశాను. మీ అందరికీ రావాల్సిన పుస్తకాలు నా వల్లే రాలేదు. అందుకు మీరందరూ నన్ను..."

అక్కడ ఆపేసి, "ఎంతయింది?" అని అడిగింది.

"అక్కా, ఆ పేజీ బావ రాయలేదు."

"మరెవరు రాశారు?"

"నేను."

"పేజీ మొత్తమా?"

"చివరి రెండు వాక్యాలు."

"ఆయనేం రాశాడు?"

చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి అన్నచోట కళ్ళు మూసుకుంది. కవరు సంగతి, బుట్ట సంగతి, బావ మాట్లాడకుండా టీ తాగిన సంగతి, రాయడం మానేసింది నా వల్లేనన్న సంగతి, అన్నీ చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. తను ఏడవలేదు.

"ఎంతయిందో చెప్పలేదు నువ్వు" అంది.

"నిమిషం నలభై."

గదిలోకి వెళ్ళి పడుకుంది.

సెప్టెంబర్ 26

మాట్లాడలేదు. టీ ఇస్తే తీసుకుంది.

సెప్టెంబర్ 27

పొద్దున బీన్స్ తరుగుతూ, తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"సాయంత్రాలు వరండాలో కాగితాలు ముందేసుకుని కూర్చునేవాడు, చూశావుగా. ఏదో రాస్తాడని వంటింట్లోంచి చెవి ఒగ్గి ఉండేదాన్ని. కలం చప్పుడు వినిపించేది కాదు. గంట కూర్చుని, మడిచి లోపల పెట్టేసేవాడు. రాయండి అనాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. కాల్చిన చేతులు, ఏ మొహం పెట్టుకుని అడగను? అడగలేదు. ముప్పై ఏడేళ్ళు అడగలేదు."

"అక్కా..."

"నువ్వు ఒక్క మాట చెప్పుంటే అడిగేదాన్ని కదే! నా వల్ల కాదట, దానివల్లనట, దాని చెవి మెలేసి వస్తా, మీరు రాయండి అనేదాన్ని. ఆయనా నవ్వేవాడేమో. ఒక్క మాటే కదా! ఎంతసేపు పట్టేది నీకు?"

తలుపు సంగతి ఎత్తుతుందని రెండు రోజులుగా భయపడుతున్నాను. ఆ ఊసే ఎత్తలేదు.

"రేపు మాట్లాడతావా?" అని అడిగాను.

"నువ్వేమీ గడియారం చూడక్కర్లేదు" అంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

చర్చి నిండిపోయింది. గాజు పెట్టెలో బావ చేతిరాత చూడ్డానికి వరసలో నిలబడ్డారు. పాస్టరు గారు పాఠకుల ఉత్తరాలు కొన్ని చదివారు. గిన్నెలు మాడినచోట అందరూ నవ్వారు. చివరి పేజీ ఆయనే చదివి వినిపించారు. తర్వాత అక్కని పిలిచారు. నేను మూడో బెంచీలో కూర్చుని నా చేతుల వంకే చూసుకున్నాను.

అక్క మైకు పట్టుకుంది. వణకలేదు.

"ఇప్పుడు చదివినదాంట్లో చివరి రెండు వాక్యాలు మా ఆయన రాసినవి కావు. అవి మా చెల్లెలు కూర్చింది. మూడో బెంచీలో తల దించుకుని కూర్చుంది, చూడండి. ఆయన రాసినదాంట్లో తలుపు తెరుచుకోదు. ఈ సంగతి నాకు తెలిసి మూడు రోజులైంది."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. కుట్టుమిషన్ ఆవిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"నేను పాఠకురాలిగా నా అభిప్రాయం చెప్తాను. ఈ పుస్తకం చదివిన రోజే సంచి పట్టుకుని మా ఇంటికి వెళ్ళాను. వెళ్ళేసరికి రాత్రి తొమ్మిదైంది. ఆయన శిక్షణ నుంచి అప్పుడే వచ్చాడు. ప్రెస్సువాళ్ళు పంపిన పుస్తకాల కట్ట గుమ్మం పక్కనే ఉంది, కట్టిన పురికొస కట్టినట్టే ఉంది. ఆయన ఇంకా విప్పనే లేదు. నేను తలుపు తట్టాను. అడుగుల చప్పుడు విన్నాను. వచ్చి తలుపు తీశాడు. నా చేతిలో సంచి అందుకున్నాడు." కాస్త ఆగింది. "పుస్తకంలో మూసిన తలుపు రాసుకున్నాడు. తెరిచిన తలుపు చెల్లెలు రాసింది. ఆయన ఆ రోజు ఏ పేజీ చదవకుండానే తీశాడు. ఇదే నా అభిప్రాయం."

వచ్చి నా పక్కన కూర్చుంది.

నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నేను తప్పు చేశానని కుమిలిపోయాననుకున్నాను. కానీ లోలోపల ఒక మూల గర్వపడుతూనే ఉన్నాను. ఆ కాపురం నిలబెట్టింది నేను, బావ చేత తలుపు తీయించింది నా రెండు వాక్యాలు అని. ఆయన ఎవరూ చెప్పకుండానే తీశాడు. నా వాక్యాల అవసరం అక్కని గుమ్మం దాకా నడిపించడానికే. ఆ తర్వాతదంతా బావదే. దానికి బదులుగా నేను ఆయన దగ్గర్నుంచి తీసుకున్నది మాత్రం చాలా పెద్దది. అంత మంచి ముగింపు తీసేసుకుని, ముప్పై ఏడేళ్ళు టీ ఇచ్చాను.

బయటికి వచ్చాక కుట్టుమిషన్ ఆవిడ, పాస్టరు గారు, ఇంకా ఎవరెవరో చుట్టూ మూగారు. ఏ ముగింపు బాగుందన్న దాని మీద అప్పుడే రెండు జట్లయ్యారు. అక్క వాళ్ళని తప్పించుకుని నా మోచెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. మలుపు దాటాక చెయ్యి వదిలింది.

"కోపం పోయిందా అక్కా?" అని అడిగాను.

"లేదు" అంది. "ఆయన రాయాల్సిన పుస్తకాలు ఎన్నున్నాయో, అంత ఉంది. పోయినప్పుడు చెప్తాలే. పద, ఎండెక్కుతోంది."